పాత పికప్ మైలేజీ పడిపోయిందా? పంపును చివరికి ముట్టుకోండి

(మదనపల్లెలో పికప్ బండ్ల ఓనర్లు, డ్రైవర్లు కలిసిన సమావేశంలో, డీజిల్ మెకానిక్ కోర్సు చెప్పే ఒక శిక్షకుడు మాట్లాడిన మాటలకు రాత రూపం ఇది.)

అన్నలకూ తమ్ముళ్లకూ నమస్కారం. బండ్లు సొంతంగా నడిపిస్తున్న అక్కలు కూడా కనిపిస్తున్నారు, మీకూ నమస్కారం. రాత్రంతా లోడు తోలి, పడుకోవాల్సిన టైములో ఇక్కడికొచ్చారు. అందుకే నేరుగా విషయంలోకి వస్తా.

మీ దగ్గర ఎక్కువగా ఉన్నవి రెండు రకాల బండ్లు. ఒకటి పాత టాటా 207, 2956 సీసీ ఇంజన్‌ది. రెండోది బొలేరో పికప్, 2523 సీసీది. వీటిలో కొన్ని ఇంజన్‌కు డీజిల్ నొక్కి పంపే పాత మెకానికల్ పంపు ఉన్నవి, కొన్ని బీఎస్-4 పొగ నిబంధనల కాలంలో వచ్చిన, కంప్యూటర్ లెక్కతో డీజిల్ అందించే కామన్ రైల్ బండ్లు. బండి ఏదైనా నా దగ్గరికొచ్చే ఫిర్యాదు ఒక్కటే: "సార్, కొన్న కొత్తలో పదమూడు ఇచ్చేది, ఇప్పుడు పది దాటట్లేదు." ఆ తర్వాత జరిగేదీ ఒక్కటే. బండి నేరుగా పంపు మెకానిక్ దగ్గరికి పోతుంది. పంపు విప్పుతారు, ఇంజన్ లోపలికి డీజిల్ చిమ్మే నాజిళ్లు మారుస్తారు, వేలకు వేలు అవుతాయి. రెండు వారాలు బాగున్నట్టు ఉంటుంది. మళ్లీ అదే పది.

ఈ వరస తలకిందులుగా ఉందని చెప్పడానికే వచ్చాను. బండి రోడ్డును తాకే చోట వెతకడం మొదలుపెట్టి లోపలికి రావాలి. టైర్లు, బ్రేకులు, ఇంజన్ వేడి, ఇంజన్ పీల్చే గాలి, ఇవన్నీ చూశాకే పంపు. బయటి పనులు చాలావరకు వందల్లో తేలిపోతాయి. పంపు పని వేలల్లో ఉంటుంది. పైగా బయటి తప్పు అలాగే ఉండగా పంపు మంచిదో కాదో తేల్చడం ఎంత గట్టి మెకానిక్‌కైనా కష్టమే.

డబ్బు లెక్క ఒకటి చూద్దాం. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 10 ఇస్తే 300 లీటర్లు తాగుతుంది. 13 ఇస్తే 231 లీటర్లు. తేడా 69 లీటర్లు. లీటరు 97 రూపాయలు వేసుకున్నా నెలకు 6,600 పైన, ఏడాదికి 80,000. ఇది పిల్లల ఫీజు, ఫైనాన్స్ కంతు. అందుకే దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

ముందు అసలు మైలేజీ ఎంతో తెలియాలి. "దాదాపు పది" అంటే కుదరదు. ట్యాంకు నిండా కొట్టించండి. బంకులో గన్ దానంతట అదే ఆగిన చోట ఆపేయండి, ఆ తర్వాత బండి ఊపి ఊపి పోయించొద్దు. మీటరు రీడింగ్ రాసుకోండి. కనీసం 500 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, వీలైతే అదే గన్‌తో, మళ్లీ ఆగేదాకా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా వరసగా మూడు ట్యాంకులు చూస్తే ఒక నమ్మదగిన అంకె వస్తుంది. ఒక్క ట్యాంకు లెక్క చూసి మెకానిక్ దగ్గరికి పరుగెత్తొద్దు. ట్యాంకులో ఒక మూల గాలి నిలిచినా, బండి ఒక పక్కకు వాలి నిలబడినా రెండు మూడు లీటర్లు తేడా వస్తుంది.

పాత బండ్లలో కిలోమీటరు రీడింగే తప్పుగా ఉండొచ్చు. టైరు సైజు మార్చి కంపెనీ ఇచ్చినదానికంటే పెద్ద టైరు వేశారనుకోండి, చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎక్కువ దూరం పోతుంది. మీటరుకు అది తెలియదు, తక్కువే చూపిస్తుంది. బాగున్న మైలేజీ కూడా పడిపోయినట్టు కనిపిస్తుంది. హైవేలో ఫోన్ మ్యాప్ పెట్టుకుని ఒక 50 కిలోమీటర్లు పోయి, మీటరు ఎంత చూపిస్తోందో పోల్చుకోండి. స్పీడోమీటర్ కేబుల్ తెగిన బండ్లూ ఇక్కడ ఉన్నాయని నాకు తెలుసు. ముందు ఆ కేబుల్ వేయించండి, అది లేకుండా మైలేజీ మాటే ఎత్తలేం.

మన ఊరికి ఉన్న ప్రత్యేకత ఒకటి ఉంది. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. చెన్నై సముద్రం ఒడ్డునే ఉంది. టమాటా లోడుతో చెన్నై పోయేటప్పుడు మొత్తం మీద దిగుతారు, ఖాళీ బండితో ఎక్కుతారు. అదే చెన్నై నుంచి సామాను వేసుకొచ్చారనుకోండి. బండి, సరుకు కలిపి మూడు టన్నులు ఉంటే, దాన్ని 700 మీటర్లు పైకి ఎత్తడానికే దాదాపు రెండు లీటర్ల డీజిల్ పడుతుంది. లీటరు డీజిల్‌లో ఉండే శక్తి సుమారు 36 మెగాజౌళ్లు, అందులో చక్రం దాకా చేరేది 30 శాతం అనుకుని వేసిన లెక్క ఇది. రోడ్డు మీద దూరానికి అయ్యే డీజిల్ దీనికి అదనం. అందుకని పోయేటప్పటి మైలేజీని వచ్చేటప్పటిదానితో పోల్చొద్దు. ఎప్పుడూ పోను రాను కలిపే లెక్క చూడండి. నెల్లూరు దిక్కున చదునైన రోడ్డు మీద తోలే డ్రైవరు తనకు పద్నాలుగు వస్తోందని చెబితే దిగులు పడొద్దు.

ఇంకో చిన్న లెక్క. బండి 8 నుంచి 10కి పెరిగితే రెండు, 12 నుంచి 14కి పెరిగితే రెండు, రెండూ సమానమే అనిపిస్తుంది. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో చూడండి. 8 ఇచ్చే బండికి 12.5 లీటర్లు కావాలి, 10 ఇస్తే 10 లీటర్లు. మిగిలింది రెండున్నర లీటర్లు. 12 నుంచి 14కి పోతే మిగిలేది లీటరు పైన కొంచెం. అంటే బాగా పాడైన బండిని ఓ మోస్తరుగా బాగు చేసినా డబ్బు ఎక్కువ మిగులుతుంది. రెండు బండ్లు ఉన్నవాళ్లు ముందు అధ్వానంగా ఉన్న దాని పని పట్టండి.

ఇప్పుడు చక్రాలు. గాలి గురించి మీకు తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. వారానికి ఒకసారి, ఉదయం బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. లోడుకు ఎన్ని పాయింట్లు, ఖాళీకి ఎన్ని పాయింట్లు అన్నది బండి పుస్తకంలో ఉంటుంది. పంచర్ షాపు అబ్బాయి అంచనా మీద వదిలేయొద్దు. చక్రం వంకర తెలుసుకోవడానికి అరచేత్తో టైరును అడ్డంగా నిమరండి. ఒక వైపు పోతే నున్నగా, ఇంకో వైపు పోతే గరుకుగా తగిలితే అలైన్‌మెంట్ పోయింది. ఆ టైరు దొర్లుతూనే పక్కకు రుద్దుకుంటూ పోతోంది. టైరూ అరిగిపోతుంది, డీజిలూ పోతుంది. టైర్లు మార్చాల్సి వస్తే నైలాన్ కన్నా రేడియల్ తేలిగ్గా దొర్లుతుంది, ధర ఎక్కువైనా తిరుగుడు ఎక్కువున్న బండికి దాని డబ్బు అదే తెచ్చిపెడుతుంది.

బ్రేకుల దగ్గర కాసేపు ఆగుతాను. పాత పికప్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసే తప్పు, డ్రైవరుకు అన్నిటికన్నా తక్కువగా తెలిసే తప్పు ఇదే. పెడల్ మీద నుంచి కాలు తీసినా బ్రేకు పూర్తిగా వదలదు. కాలికి గొలుసు కట్టి పరుగెత్తమన్నట్టు ఉంటుంది ఇంజన్ పరిస్థితి. ఇది నెమ్మదిగా వస్తుంది, అందుకే చేతికి అలవాటైపోతుంది. "బండి కొంచెం బరువుగా లాగుతోంది, పాతదైంది కదా" అనుకుంటారు.

ఎక్కడ పట్టేస్తుంది? ముందు డిస్క్ ఉన్న బండ్లలో కాలిపర్ పిన్నులు ఎండిపోతాయి, పిస్టన్ మీది రబ్బరు చిరిగి లోపల తుప్పు పడుతుంది. వెనక డ్రమ్ములో వీల్ సిలిండర్ బిగుసుకుంటుంది, షూలను వెనక్కి లాగే స్ప్రింగులు సాగిపోతాయి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ లోపల తుప్పు పట్టి, లివర్ దించినా కేబుల్ వెనక్కి పోదు. ఏళ్ల తరబడి మార్చని బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను లాక్కుని ఈ తుప్పంతటికీ కారణమవుతుంది. రెండేళ్లకు ఒకసారి దాన్ని మార్చాలి. మన దగ్గర ఎంత మంది మార్చారు? చేతులెత్తండి. చూశారా, ఇంత పెద్ద హాల్లో నాలుగు చేతులు కూడా లేవలేదు.

కనిపెట్టడం చాలా తేలిక. 20 కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు వాడకుండా బండిని దానంతట అది ఆగనివ్వండి. దిగి ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టండి, ముట్టుకోకుండా అంగుళం దూరంలో పెట్టండి, కాలుతుంది. నాలుగింటిలో ఒకటి మిగతా వాటికంటే వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత జాకీ ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పండి. తిప్పి వదిలితే కాసేపు తిరగాలి. వదలగానే టక్కున ఆగితే బ్రేకన్నా పట్టి ఉంది, హబ్ బేరింగన్నా బిగువు ఎక్కువై ఉంది. ఇది డీజిల్ నష్టంతో ఆగిపోయే విషయం కాదు. పట్టి ఉన్న బ్రేకు ముందే వేడెక్కి ఉంటుంది. అదే బ్రేకుతో మొగిలి ఘాట్ దిగితే, నిజంగా అవసరమైన చోట అది పట్టదు.

క్లచ్ సంగతి త్వరగా చెప్తా. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ శబ్దం పెరిగి, బండి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. హాఫ్ క్లచ్‌లో కాలు పెట్టి తోలే అలవాటుంటే మానండి.

చాలా మంది ఊహించని ఇంకో విషయం బ్యాటరీ. దానికీ మైలేజీకీ ఏం సంబంధం అంటారా? బ్యాటరీ బలహీనంగా ఉంటే, సెల్ఫ్ సరిగ్గా తిరగకపోతే డ్రైవరు ఏం చేస్తాడు? బండి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమోనని మార్కెట్ యార్డులో, టోల్ దగ్గర, అన్‌లోడింగ్ దగ్గర గంటల తరబడి ఇంజన్ నడుపుతూనే ఉంచుతాడు. ఇలాంటి ఇంజన్ ఊరికే నడిస్తే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పోతుంది. రోజుకు రెండు గంటలు వేసుకోండి. నెలకు ఎంతవుతుందో మీరే లెక్కేయండి, కొత్త బ్యాటరీ ధరతో పోల్చండి. డ్రైవరును తిట్టేముందు ఓనరు బ్యాటరీ చూడాలి.

ఇంజన్ వేడి గురించి నేను చెప్పబోయేది కొందరు మెకానిక్ తమ్ముళ్లకు నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. రేడియేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య థర్మోస్టాట్ వాల్వ్ ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపి, సుమారు 80 డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది. మన ఎండల్లో బండి హీటెక్కితే చాలా చోట్ల చేసే మొదటి పని ఈ వాల్వ్ తీసి పారేయడం. "మన దేశానికి ఇది అక్కర్లేదు, చలి దేశాలకు పెట్టింది" అంటారు. ఈ మాట తప్పు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే ఆ వేడిని గోడలు లాగేసుకుంటాయి. డీజిల్ పూర్తిగా కాలదు, కొంత మసిగా మారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి ఇంజన్‌ను ఇంకా బిగువుగా తిప్పుతుంది. రింగులు, లైనర్లు త్వరగా అరుగుతాయి. కామన్ రైల్ బండిలో ఇంకో నష్టం. కంప్యూటర్‌కు ఇంజన్ ఇంకా వేడెక్కలేదన్న కబురు పోతూ ఉంటుంది, అది డీజిల్ ఎక్కువ ఇస్తూ ఉంటుంది. అర్ధరాత్రి చల్లగాలిలో ఖాళీ బండి తోలేటప్పుడు ఇది బాగా కనిపిస్తుంది, టెంపరేచర్ ముల్లు కింద నుంచి లేవదు.

మీ బండిలో వాల్వ్ ఉందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. ఉదయం చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పైన పోయే లావు రబ్బరు పైపు మీద చెయ్యి పెట్టండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే వాల్వ్ పని చేస్తోంది. మొదటి నుంచే నెమ్మదిగా వెచ్చబడుతూ పోతే వాల్వ్ లేదు, లేదా తెరుచుకునే ఉండిపోయింది. ఈ పని చేసేటప్పుడు ఫ్యాన్‌కు బట్టలు, చెయ్యి దూరంగా పెట్టుకోండి. వాల్వ్ వందల రూపాయల వస్తువు. అది వేయించాక బండి హీటెక్కితే అసలు జబ్బు వేరే చోట ఉన్నట్టు: రేడియేటర్ మూసుకుపోయి ఉంటుంది, వాటర్ పంపు అరిగి ఉంటుంది, రేడియేటర్ మూత బిగువు పోయి ఉంటుంది. దాన్ని బాగు చేయించండి. నీళ్ల బదులు కూలెంట్ పోయండి.

(సభలో ఒకరు: సార్, ఫ్యాన్ డైరెక్ట్ చేయిస్తే చల్లగా ఉంటుందని చేయించాను. దానికీ మైలేజీ తగ్గుతుందా?)

తగ్గుతుంది తమ్ముడూ. కంపెనీ ఇచ్చిన ఫ్యాన్ క్లచ్ వేడి తక్కువున్నప్పుడు ఫ్యాన్‌ను వదులుగా తిప్పుతుంది, వేడెక్కితే గట్టిగా తిప్పుతుంది. బోల్టు వేసి డైరెక్ట్ చేస్తే హైవేలో ఎదురుగాలి సరిపడా ఉన్నప్పుడు కూడా ఇంజన్ ఆ ఫ్యాన్‌ను మోస్తూ పోవాలి. ఆ ఫ్యాన్ క్లచ్ మార్పించుకో.

గాలి. డీజిల్ ఇంజన్ పీల్చే గాలి తగ్గితే ముందు పొగ నల్లబడుతుంది. పల్లెల్లో ఎర్రమట్టి దారుల్లో పొలం దాకా పోయే మన బండ్లకు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కంటే ముందే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతుంది. శుభ్రం చేసే పద్ధతి ముఖ్యం. నేలకేసి కొట్టొద్దు, కాగితం మడతలు చిరుగుతాయి. పంచర్ షాపు గాలి పూర్తి ప్రెజర్‌తో కొట్టొద్దు. తక్కువ గాలితో లోపలి నుంచి బయటికి ఊదండి. తర్వాత లోపల టార్చి పెట్టి చీకట్లో చూడండి. ఎక్కడైనా సూది మొన అంత వెలుగు కనిపించినా ఆ ఫిల్టర్ పనికిరాదు. దుమ్ము లోపలికి పోతే మైలేజీతో ఆగదు, లైనర్లను సానబట్టేస్తుంది. గాలిని నొక్కి పంపే టర్బో ఉన్న బండ్లకు, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దాకా పోయే రబ్బరు గొట్టాలు, క్లిప్పులు చూడండి. చిన్న పగులు ఉన్నా నొక్కిన గాలి బయటికి పోతుంది. పగులు చుట్టూ నూనె మరక ఉంటుంది, లోడు లాగేటప్పుడు ఈల శబ్దం వస్తుంది.

పొగను చదవడం నేర్చుకోండి, ఖర్చు లేని పరీక్ష అది. లోడు మీద నల్లపొగ అంటే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ సరిగ్గా అంటుకోవట్లేదు, డీజిల్ చిమ్మే టైమింగ్ వెనక్కి పోయిందో, సిలిండర్ గాలిని నొక్కే బలం, అంటే కంప్రెషన్ పడిందో, నాజిల్ కారుతోందో చూడాలి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. అలాగే డిప్‌స్టిక్ చూసేటప్పుడు ఆయిల్ మట్టం పెరుగుతూ ఉంటే బాగుందనుకోవద్దు. డీజిల్ ఎక్కడి నుంచో ఆయిల్‌లోకి దిగుతోంది. ఆయిల్ పల్చబడి బేరింగులు పోతాయి. మట్టం మరీ పెరిగితే ఇంజన్ ఆ ఆయిల్‌నే తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. అలాంటి బండిని నడపొద్దు, అక్కడే ఆపి మెకానిక్‌ను పిలిపించండి.

ఇవన్నీ అయ్యాక పంపు. ఇన్ని చూశాక కూడా మైలేజీ రాకపోతే అప్పుడు పంపు మెకానిక్ దగ్గరికి ధైర్యంగా పోండి. పోయేముందు బయట డీజిల్ చెమ్మ ఎక్కడైనా ఉందేమో చూసుకోండి. మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ గొట్టాల కింద, ఫిల్టర్ కింద, ట్యాంకు మూత దగ్గర రాత్రి అట్టముక్క పరిచి పొద్దున చూస్తే తెలుస్తుంది.

మెకానికల్ పంపు బండ్లలో నాజిళ్లను ముందు టెస్టర్ మీద పెట్టించండి. నాజిల్ పొగమంచులా సమంగా చిమ్మాలి, ఆగాక మొన మీద చుక్క నిలవకూడదు. లోపలి స్ప్రింగ్ ఏళ్ల మీద మెత్తబడి, తెరుచుకునే ప్రెజర్ పడిపోతుంది. దాన్ని కంపెనీ చెప్పిన లెక్కకు పెట్టాలి. మార్చాల్సి వస్తే పాత నాజిల్ మీద చెక్కిన నంబరే కొత్తదాని మీద ఉండాలి, "ఇదీ సరిపోతుంది" అంటే ఒప్పుకోవద్దు. పంపు విప్పితే టెస్ట్ బెంచ్ మీద ఒక్కో సిలిండర్‌కు ఎంత డీజిల్ పోతోందో చూసిన స్లిప్పు అడగండి. అడగడం మీ హక్కు. బెంచ్ లేకుండా చెవితో పంపు కట్టేవాళ్లకు ఇవ్వొద్దు.

ముఖ్యమైన మాట ఇంకొకటి. "బండి లాగట్లేదు, పికప్ పెంచు" అని పంపు దగ్గర అడగొద్దు. వాళ్లు డీజిల్ స్క్రూ తిప్పి పెంచుతారు. బండి లాగుతుంది, నల్లపొగా వస్తుంది. ఆ పొగ మీరు డబ్బిచ్చి కొన్న డీజిలే. పట్టిన బ్రేకును పంపుతో జయించాలని చూడటం ఇది.

కామన్ రైల్ బండ్లలో ప్రెజర్ 1,600 బార్ దాకా ఉంటుంది. పైపులు వదులు చేసి చూసే పాత పద్ధతి ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది, ఆ చిమ్ము చర్మంలోకి దూరిపోతుంది. వీటికి రిటర్న్ టెస్ట్ ఉంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు నాలుగు సీసాలు తగిలించి కాసేపు ఇంజన్ నడిపితే, అరిగిన ఇంజెక్టర్ సీసా ముందే నిండుతుంది. అదొక్కటే బాగు చేయించుకోవచ్చు, నాలుగూ మార్చమంటే కారణం అడగండి. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్ లోపలికి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుచుకుని ఉండిపోయిందా అనేది కూడా స్కానర్‌తో చూపించమనండి.

ఇక తోలడం. 1978లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన పెట్రోలియం సంరక్షణ పరిశోధన సంఘం, పీసీఆర్ఏ అంటారు, గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య తోలమని ఏళ్లుగా చెబుతోంది. తెల్లారేలోపు చెన్నైలో కోయంబేడు మార్కెట్ చేరాల్సిన వాళ్లకు ఇది కుదరదని నాకు తెలుసు. అందుకే వేరేగా చెప్తా. 80లో పోయే బండికి ఎదురుగాలి నెట్టే బలం, 65లో పోయేదానికంటే ఒకటిన్నర రెట్లు ఉంటుంది. 150 కిలోమీటర్ల హైవేలో ఈ రెండు స్పీడ్ల మధ్య టైము తేడా అరగంట కూడా లేదు. యార్డులో లోడింగ్ అరగంట ముందు ముగిసేలా చూసుకుంటే ఆ డీజిల్ అంతా మిగులుతుంది. ఈ మాట డ్రైవర్లకు కాదు, లోడు ఆలస్యంగా ఎత్తించి "తొందరగా పో" అనే వాళ్లకు చెబుతున్నా.

క్రేట్లు క్యాబిన్ కంటే ఎంత ఎత్తు పోతే గాలి అంత తగులుతుంది. పట్టా ముందు వైపు వదులుగా పడవ తెరచాపలా ఉబ్బకుండా బిగించి కట్టండి. ఖాళీ క్రేట్లు వెనక్కి తెచ్చేటప్పుడు ఒకచోట గోపురంలా పేర్చకుండా బాడీ అంతా పరిచి క్యాబిన్ ఎత్తులో ఉంచండి.

ఘాట్‌లో న్యూట్రల్ వేసి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి మానండి. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే కామన్ రైల్ బండి డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ తాగుతుంది. మెకానికల్ పంపులో కూడా ఇంజన్ స్పీడును అదుపు చేసే గవర్నర్ అనే భాగం డీజిల్‌ను తగ్గించేస్తుంది. అంటే న్యూట్రల్‌లో మిగిలేది ఏమీ లేదు, బ్రేకుల మీద భారం మాత్రం రెట్టింపు.

(ఒక అక్క: సార్, మా బండికి డీజిల్ పైపుకు అయస్కాంతం పెడితే రెండు కిలోమీటర్లు పెరుగుతుందని ఒకాయన అమ్మాడు.)

అక్కా, ఇలాంటి పరికరాలను అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ వందకు పైగా పరీక్షించింది. నిజంగా ఫలితం చూపినవి చాలా కొద్ది, అదీ స్వల్పంగా. అయస్కాంతం, నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే కిట్టు, మహిమ గల సీసా మందులు, వీటికి పెట్టే డబ్బు నాలుగు చక్రాల గ్రీజుకు, బ్రేక్ ఆయిల్‌కు పెట్టండి. కిరోసిన్ కలపడం మాత్రం అస్సలు వద్దు. పంపు లోపలి భాగాలకు డీజిలే నూనె. కిరోసిన్‌కు ఆ జిడ్డు లేదు, పంపు అరిగిపోతుంది.

(ఇంకొకరు: తెల్లవారుజామున కొట్టిస్తే డీజిల్ ఎక్కువ వస్తుందంటారు. కొన్ని బంకుల్లో తక్కువ పోస్తారనీ అంటారు.)

బంకు ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, పగలు రాత్రి వేడి అక్కడ పెద్దగా మారదు. పది డిగ్రీలు మారినా డీజిల్ పరిమాణంలో తేడా ఒక శాతం లోపే. తక్కువ పోస్తున్నారని అనుమానం ఉంటే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్ర ప్రతి బంకులో ఉంటుంది, దానిలో కొట్టి చూపించమని అడగండి. మర్యాదగా అడగండి, చూపించాల్సిన బాధ్యత వాళ్లది.

(మరొకరు: అన్నీ చేయించాను సార్. ఇంజన్ బోరుకు వచ్చిందంటున్నారు, అంటే సిలిండర్లు అరిగిపోయాయట. చేయించాలా, బండి అమ్మేయాలా?)

ముందు నిజంగా వచ్చిందో లేదో చూడాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే గట్టిగా పొగ తన్నుతోందా? బ్యాక్ కంప్రెషన్ అంటారు కదా, అది. వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ ఎంత పోయాల్సి వస్తోంది? ఆ తర్వాత నాలుగు సిలిండర్లకూ గేజ్‌తో కంప్రెషన్ చూపించి అంకెలు రాయించుకో. ఒక్కటే తక్కువగా ఉంటే వాల్వ్ కావచ్చు, టాపెట్ల సెట్టింగే కావచ్చు, హెడ్ పనితో పోతుంది. నాలుగూ సమానంగా పడిపోయి ఉంటే ఇంజన్ పని తప్పదు. చాసీ, బాడీ గట్టిగా ఉండి, ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు ఇబ్బంది లేకపోతే ఇంజన్ చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. కొత్త బండి కంతు నెల నెలా కట్టాలి. నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరగని బండికి ఆ కంతు డీజిల్ మిగులుతో రాదు. చాసీకి తుప్పు పట్టి ఉంటే మాత్రం ఇంజన్ మీద డబ్బు పెట్టొద్దు.

సరే, మాటలు చాలు. బయట వేప చెట్టు కింద రెండు బండ్లు నిలబెట్టించాను. ఒకటి 207, ఒకటి బొలేరో. జాకీలు తెప్పించాను. ముందు బొలేరో వెనక చక్రం ఎత్తి బ్రేకు ఎలా పడుతుందో మీ చేతులతోనే తిప్పి చూద్దురు గాని. రండి.